ఫిజియోథెరపీలో జంట డాక్టరేట్: విశాఖ నుంచి చూస్తే

మోకాళ్ల అరుగుదలతో వచ్చిన మనిషికి ఎంత ఇబ్బంది ఉందో కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నావళి ఒకటుంది. దాని పేరు వోమాక్. 1980లలో కెనడాలో తయారైంది. మొత్తం 24 ప్రశ్నలు: నొప్పి గురించి 5, కీలు బిగుసుకుపోవడం గురించి 2, రోజువారీ పనుల గురించి 17. ఆ పదిహేడింటిలో కారు ఎక్కి దిగడం ఉంది, మేజోళ్లు తొడుక్కోవడం ఉంది, స్నానపు తొట్టెలోకి దిగి బయటికి రావడం కూడా ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం లేదు. గొంతుక్కూర్చోవడం లేదు. విశాఖ చేపలరేవులో తెల్లవారుజామునే నేల మీద కూర్చుని చేపలు కోసి అమ్మే మహిళ చేతికి ఈ కాగితం ఇస్తే కొన్ని ప్రశ్నలు ఆమెకు సంబంధించనివే. ఆమె మోకాలు అసలు ఎక్కడ మొరాయిస్తుందో అడిగే ప్రశ్న మాత్రం అందులో ఉండదు.

ఫిజియోథెరపీ ఓపీలో నాలుగు రోజులు పనిచేసిన కొత్త థెరపిస్టుకైనా ఈ లోపం తెలిసిపోతుంది. తెలిసినా చేయగలిగేదేమీ ఉండదు. బయట బెంచీ మీద ఇంకా ఎంతోమంది ఎదురుచూస్తుంటారు. అదే ఊళ్లో విశ్వవిద్యాలయంలో ఉన్న పరిశోధకుడికి ప్రశ్నావళిని ఎలా సవరించాలో, సవరించినదాన్ని ఎందరి మీద, ఎన్నిసార్లు పరీక్షిస్తే నమ్మవచ్చో తెలుసు. కానీ ఆ మహిళ ఆయన దగ్గరికి రాదు. లోపాన్ని చూసేవారికి సాధనాలు లేవు, సాధనాలున్నవారికి లోపం కనబడదు. చికిత్స డాక్టరేట్‌నూ పరిశోధన డాక్టరేట్‌నూ ఒకే మనిషి చేయాలన్న ఆలోచనకు ఊపునిచ్చింది ఈ ఖాళీయే.

ముందు ఈ రెండు డిగ్రీల సంగతి. డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, అంటే డీపీటీ, అమెరికాలో రోగిని ముట్టుకోవడానికి దారి. మామూలు డిగ్రీ అయ్యాక సుమారు మూడేళ్లు చదవాలి. శరీర నిర్మాణం, కదలికల శాస్త్రం, రోగిని పరీక్షించే పద్ధతులు నేర్పిస్తారు, ఆసుపత్రుల్లో నెలల తరబడి పూర్తికాలం పనిచేయిస్తారు. థీసిస్ ఉండదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని క్రైటన్ విశ్వవిద్యాలయం 1993లో ఈ వృత్తిలోకి ప్రవేశించే డిగ్రీగా డీపీటీని ప్రారంభించింది. 2016 నుంచి అక్కడి గుర్తింపు సంస్థ క్యాప్టీ ఈ డిగ్రీని అన్ని కళాశాలలకూ తప్పనిసరి చేసింది. పీహెచ్‌డీ స్వభావం పూర్తిగా వేరు. అక్కడ రోగి ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న ఉండాలి, ఆ జవాబును నిపుణుల ముందు నిలబెట్టుకోవాలి. మొదటిది చేయి తిరిగేలా చేస్తుంది, రెండోది అనుమానించడం నేర్పుతుంది.

ఈ రెండింటినీ ఒకే కార్యక్రమంగా కుట్టే పద్ధతికి మాదిరి వైద్యరంగంలోనే ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1964లోనే ఎండీనీ పీహెచ్‌డీనీ కలిపి చదివే విద్యార్థులకు నిధులివ్వడం మొదలుపెట్టాయి. ఫిజియోథెరపీలో డెలావేర్, అయోవా, ఫ్లోరిడా వంటి విశ్వవిద్యాలయాలు అదే బాట పట్టాయి. విడివిడిగా చేస్తే ఎనిమిది, తొమ్మిదేళ్లు పట్టగలిగే చదువు కలిపి చేస్తే ఆరేడేళ్లలో ముగుస్తుంది, ఎందుకంటే కొన్ని పాఠ్యాంశాలు రెండు డిగ్రీలకూ లెక్కకు వస్తాయి. విశ్వవిద్యాలయాలకు ఇందులో స్వార్థం కూడా లేకపోలేదు. డీపీటీ కళాశాలలో ప్రధాన అధ్యాపకుల్లో కనీసం సగం మందికి పీహెచ్‌డీ వంటి విద్యా డాక్టరేట్ ఉండాలని క్యాప్టీ నియమం. కళాశాలలు పెరుగుతూ పోయాయి, పీహెచ్‌డీ ఉన్న థెరపిస్టులు అంత వేగంగా తయారుకాలేదు. జంట డిగ్రీని కేవలం జ్ఞానదాహంతో పెట్టారనుకుంటే అమాయకత్వమే.

ఏది ముందు, ఏది వెనుక అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అసలు కష్టసుఖాలన్నీ అందులోనే ఉన్నాయి. డీపీటీ ముందు పూర్తిచేస్తే లైసెన్స్ పరీక్ష రాసి, పీహెచ్‌డీ చేస్తున్న సంవత్సరాల్లో వారాంతాల్లో ఆసుపత్రిలో పనిచేసుకోవచ్చు. చేయి మొద్దుబారదు, కాస్త డబ్బూ వస్తుంది. అయితే అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు సగటు వార్షిక వేతనం లక్ష డాలర్ల చుట్టూ ఉంటుంది. లైసెన్స్ చేతికొచ్చాక దాన్ని పక్కనపెట్టి, అందులో మూడో వంతు కూడా దాటని ఫెలోషిప్ మీద మరో నాలుగేళ్లు ల్యాబులో గడపడానికి గుండె దిటవు కావాలి. చదువు అప్పు వడ్డీతో పెరుగుతున్నవారికి మరీనూ. పీహెచ్‌డీ పనిని మధ్యలో దూరిస్తే వేరే చిక్కు వస్తుంది. మొదటి రెండేళ్లలో నేర్చుకున్న పరీక్షా పద్ధతులు మూడేళ్ల ల్యాబు జీవితంలో మరుగున పడతాయి. తిరిగి వార్డులోకి వచ్చేసరికి తోటివారు ఎప్పుడో పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటారు.

ఇంత శ్రమకు ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే కొన్ని పెద్ద పరిశోధనలను దగ్గరగా గమనించాలి. పక్షవాతం వచ్చినవారికి నడక నేర్పడానికి పైనుంచి పట్టీలతో శరీరాన్ని వేలాడదీసి, కింద ట్రెడ్‌మిల్ నడిపే యంత్రం ఒకప్పుడు పెద్ద ఆశ. ఖరీదైనది, ఇద్దరు ముగ్గురు సిబ్బంది కావాలి, చూడటానికి ఎంతో శాస్త్రీయంగా ఉంటుంది. స్వయంగా ఫిజికల్ థెరపిస్టు, పీహెచ్‌డీ పట్టభద్రురాలు అయిన పమేలా డంకన్ నాయకత్వంలో లీప్స్ అనే ప్రయోగం దీన్ని పరీక్షకు పెట్టింది. 408 మంది రోగులు పాల్గొన్నారు. కొందరికి ఆ యంత్రం మీద శిక్షణ, మరికొందరికి థెరపిస్టు ఇంటికి వెళ్లి చేయించే బలం, నిలకడ పెంచే వ్యాయామాలు. ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాది గడిచాక 52 శాతం మందిలో నడక స్థాయి మెరుగుపడింది, కానీ వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా నడక బాగా దెబ్బతిన్నవారిలో యంత్రం మీద త్వరగా శిక్షణ మొదలుపెట్టిన వర్గంలో పదేపదే పడిపోయినవారు ఎక్కువ.

ఇందులో మెచ్చుకోవలసింది ఫలితం కన్నా కొలత. మెరుగుపడటమంటే ఏమిటో వారు ముందే నిర్ణయించుకున్నారు: సెకనుకు 0.4 మీటర్ల లోపు నడిచేవారు ఆ గీత దాటాలి, 0.4 నుంచి 0.8 మధ్య నడిచేవారు 0.8 గీత దాటాలి. వరండాలో పది మీటర్ల దూరానికి నేల మీద రెండు చోట్ల టేపు అంటించి, స్టాప్‌వాచ్ పట్టుకుంటే చాలు. 25 సెకన్లలో దాటితే సెకనుకు 0.4 మీటర్లు, అంతకన్నా నెమ్మదిగా ఉంటే నడక ఇంటి వరకే పరిమితమని అర్థం. 12.5 సెకన్లలో దాటితే 0.8, బయట బజారుకు వెళ్లగల నడక. జగదాంబ కూడలిలో సిగ్నల్ మారేలోపు రోడ్డు దాటడం ఇంటివారికి ఎంత పెద్ద విషయమో తెలిసినవారే ఇలాంటి కొలతను ఎంచుకుంటారు. అంకెల పండితుడు ఒక్కడే కూర్చుంటే స్కానింగ్‌లో కనిపించే మార్పునే ఫలితంగా ఎంచుకునే ప్రమాదం ఉంది.

ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జూలీ బెర్న్‌హార్ట్ నడిపిన అవర్ట్ ప్రయోగం ఇంకా ఇబ్బందికరమైన నిజం బయటపెట్టింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని లేపి కూర్చోబెట్టి, నిలబెట్టి, పదేపదే కదిలిస్తే మేలు జరుగుతుందని ఈ వృత్తి గట్టిగా నమ్మేది. 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మంది మీద జరిగిన ఆ అధ్యయనం 2015లో ప్రచురితమైంది. అంత ఎక్కువగా, అంత త్వరగా కదిలించిన వర్గంలో మంచి ఫలితం వచ్చినవారు 46 శాతం. మామూలు సంరక్షణ పొందినవారిలో 50 శాతం. తొందర అన్నివేళలా మేలు చేయదు. సొంత వృత్తి నమ్మకాన్ని సొంత వృత్తివారే పరీక్షించి, తప్పయితే తప్పని చెప్పడం మామూలు ధైర్యం కాదు. అదే మాట బయటివారు చెప్పి ఉంటే వృత్తి మొత్తం భుజాలు తడుముకునేది.

మన దేశానికి సంబంధించిన అటెండ్ అధ్యయనం 2017లో వెలువడింది. థెరపిస్టులు తక్కువ, కుటుంబాలు పెద్దవి. కాబట్టి ఇంటివారికే శిక్షణ ఇచ్చి పక్షవాత రోగికి వ్యాయామాలు చేయిస్తే సరిపోతుంది కదా అన్నది ఆలోచన. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. ఆరు నెలల తర్వాత మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవారు రెండు వర్గాల్లోనూ 47 శాతమే. "ఇంట్లో చేయించండి, అదే తగ్గుతుంది" అని కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చి పంపే అలవాటున్న ప్రతి ఓపీ ఈ అంకె ముందు ఒక నిమిషం ఆగాలి. అంత మాత్రాన ఇంటివారి పాత్ర పనికిరానిదని తేల్చేయడానికీ లేదు. ఎంత సేపు నేర్పించారు, ఎంత తరచుగా వెళ్లి చూశారు, ఇంట్లో రోజూ నిజంగా ఎన్ని నిమిషాలు చేశారు అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. పాడేరు ఘాట్ ఎక్కి వెళ్లే రోగి ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన థెరపిస్టు ఆ ప్రశ్నలను వేరేలా అడుగుతాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డంకన్ గానీ బెర్న్‌హార్ట్ గానీ ముందు థెరపిస్టులు, తర్వాత పరిశోధకులు. వారి పరిశోధనకు బలం రెండు పట్టాలు ఒకే పూట అందుకోవడం నుంచి రాలేదు. వార్డునూ అధ్యయనాన్నీ ఏళ్ల తరబడి వదలకపోవడం నుంచి వచ్చింది. జంట కార్యక్రమం ఆ దారిని దగ్గర చేస్తుంది, అంతే. పట్టాలు రెండూ గోడకు తగిలించి, చివరికి మనిషి ఒకే వైపు మిగిలిపోతే ఆ ఆరేడేళ్ల కుట్టుపని వృథా. అలా ఒకే వైపు మిగిలిపోయేవారు అమెరికాలోనూ ఉన్నారు, ఇక్కడ మరీ ఎక్కువ.

మన నిబంధనల్లో అసలు జంట డాక్టరేట్‌కు తలుపే లేదు. ఇక్కడ డీపీటీ చట్టబద్ధమైన వృత్తి డిగ్రీ కాదు. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, తర్వాత రెండేళ్ల ఎంపీటీ, అంటే అందులో పీజీ, ఆపైన పీహెచ్‌డీ, ఇదీ ఇన్నాళ్లూ ఉన్న దారి. 2021 చట్టంతో ఏర్పడిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ 2025లో తెచ్చిన పాఠ్యప్రణాళికలో బీపీటీ ఏడాది ఇంటర్న్‌షిప్‌తో ఐదేళ్లకు పెరిగింది. ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతించింది గానీ, ఆ వెసులుబాటు నుంచి పీహెచ్‌డీని మినహాయించింది. అంటే ఎంపీటీనీ పీహెచ్‌డీనీ కలిపి చేద్దామన్నా కుదరదు. ఒకటి ముగించి మరొకటి మొదలుపెట్టాల్సిందే.

ఇక పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అన్న తగవు ఈ చర్చను తరచూ పక్కదారి పట్టిస్తుంది. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఫిజియోథెరపిస్టులు అలా రాసుకోకూడదని లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఆ తగవు ఎటు తేలినా చేపలరేవు మహిళ మోకాలికి ఒరిగేదేమీ లేదు. పేరు ముందు రెండక్షరాల కోసమే రెండు డాక్టరేట్లు చేయాలనుకునేవారికి ఇంతకన్నా చౌకైన మార్గాలు చాలా ఉన్నాయి.

విశాఖలో బీపీటీ పూర్తిచేసి అమెరికా వైపు చూసే విద్యార్థి ఈ జంట కార్యక్రమాల ప్రకటనలు చూడగానే అదే రాజమార్గం అనుకోవడం సహజం. నిజానికి అతనికి ఆ దారి అంతగా నప్పదు. అవి అమెరికాలో మామూలు డిగ్రీ చదివి, ఫిజియోథెరపీ ఇంకా మొదలుపెట్టని విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. నాలుగున్నరేళ్లు చదివిన శరీర నిర్మాణాన్నే డాలర్లలో ఫీజు కట్టి మళ్లీ మొదటి నుంచి చదవడం ఎందుకు? పీహెచ్‌డీ భాగానికి ఫీజు మాఫీ, నెలనెలా భృతి దొరికే అవకాశం ఉంటుంది. డీపీటీ భాగానికి సాధారణంగా సొంత డబ్బే. అది లక్ష డాలర్లు దాటడం అరుదేమీ కాదు. పైగా అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు పరిశోధక విద్యార్థులకిచ్చే ప్రధాన శిక్షణ ఫెలోషిప్పులకు అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాస హోదానో ఉండాలి. విదేశీ విద్యార్థి ప్రొఫెసర్ దగ్గరున్న ప్రాజెక్టు నిధుల మీదో, బోధన సహాయకుడి పని మీదో ఆధారపడాలి. ఈ చిన్న నిబంధనను దరఖాస్తు పంపేముందు చదివేవారు తక్కువ.

అతనికి రెండు దారులను విడివిడిగా పట్టుకోవడమే మేలు. రిహాబిలిటేషన్ సైన్స్ వంటి విభాగంలో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడం ఒకటి. లైసెన్స్ కోసం విదేశీ పట్టాలను పరిశీలించే ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థ చేత తన చదువును మదింపు చేయించుకుని, తగ్గిన పాఠ్యాంశాలు పూర్తిచేసి, ఎన్‌పీటీఈ పరీక్ష రాయడం మరొకటి. మదింపులో లోటు పెద్దగా ఉంటే, ఇప్పటికే థెరపిస్టులైనవారి కోసం నడిపే ట్రాన్సిషనల్ డీపీటీ ఆ లోటును పూడ్చగలదు. గ్రీన్‌కార్డు విషయంలో ఫిజికల్ థెరపిస్టులకు నర్సులతో పాటు ఒక వెసులుబాటు ఉంది: షెడ్యూల్ ఏ జాబితాలో ఉన్నందున, స్థానికులు దొరకలేదని యజమాని కార్మిక శాఖ ఎదుట రుజువు చేయాల్సిన ఘట్టం వారికి ఉండదు. వీసా నిబంధనలు ఏటా మారుతున్న రోజుల్లో ఇది కాస్త ఊరట. పీహెచ్‌డీ ఒక్కటే ఉంటే ఈ వెసులుబాటు రాదు, లైసెన్స్ పరీక్ష రాసే అర్హతలన్నీ ఉన్న థెరపిస్టుకే వర్తిస్తుంది. రోగిని ముట్టుకునే అర్హతను వదులుకోకూడదని చెప్పడానికి ఇదొక లౌకికమైన కారణం.

అమెరికా వెళ్లని మిగతా వారి సంగతే ఎక్కువ ఆలోచించదగ్గది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పనిచేస్తున్నవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తాయి. సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, పరిశోధనకు తగిన సమయం ఇస్తామన్న హామీ కావాలి. గడువు కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. ప్రధాన గైడుతో పాటు మరో సంస్థ నుంచి సహ గైడును పెట్టుకోవచ్చు. చికిత్సనూ పరిశోధననూ కలపాలనుకునే థెరపిస్టుకు ఈ చివరి మాట వరం లాంటిది. గైడు ఒక చోట, రోగులు ఒక చోట, గణాంకాల నిపుణుడు ఇంకో చోట ఉన్నా కాగితం మీద కలపవచ్చు.

విశాఖలో ఆ ముగ్గురూ కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. మహారాణిపేటలో 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి దక్షిణ ఒడిశా దాకా రోగులు వస్తారు. పక్షవాతం, వెన్నుపూస దెబ్బలు, పని ప్రమాదాలు, ఉద్దానం మూత్రపిండాల రోగులు, అన్నీ ఒకే ఆవరణలో కనిపిస్తాయి. డయాలిసిస్ మంచం మీద నాలుగు గంటలు కదలకుండా ఉండే ఉద్దానం రైతుకు ఆ సమయంలోనే కాళ్ల వ్యాయామం చేయిస్తే నీరసం తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఇంతకన్నా తగిన చోటు దొరకదు. వాల్తేరు కొండ మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీ విభాగాలున్నాయి. ఉక్కు కర్మాగారం వైపు వెళ్తే 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. నడకను కొలిచే చిన్న సెన్సర్‌ను అక్కడ తయారుచేయగల ఇంజనీరుకు పక్షవాత రోగి కాలు ఈడ్చే తీరు తెలియదు. తెలిసిన థెరపిస్టుకు సర్క్యూట్ తెలియదు. ఇద్దరి మాటా అర్థమయ్యే మనిషి ఒకరు కావాలి.

అలాంటి మనిషి తయారుకావడానికి అడ్డంకి ప్రతిభ కాదు, కొలువు. ఫిజియోథెరపీలో పీహెచ్‌డీ వచ్చిన మర్నాటి నుంచి మనిషిని తరగతి గదికి, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదికి లాగుతారు. పదోన్నతికి పట్టా లెక్కకొస్తుంది, రోగులను చూసిన గంటలు రావు. ఆసుపత్రి వైపు చూస్తే తద్భిన్నంగా ఉంటుంది. అక్కడ రోజుకు ఎందరిని చూశారన్నదే లెక్క. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాయడం, చికిత్సా ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో అధ్యయనాన్ని నమోదు చేయడం, ఆరు నెలల తర్వాత రోగికి ఫోను చేసి మళ్లీ నడిపించి చూడటం ఎవరి పని గంటల్లోనూ పడవు. ఇవన్నీ సాయంత్రం ప్రైవేటు ప్రాక్టీసు మానుకుని, సొంత ఖర్చుతో చేసుకోవాల్సిన పనులుగా మిగిలిపోయాయి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరిన చాలామంది, కొత్త ప్రశ్నను వదిలి త్వరగా ముగిసే ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం సోమరితనం కాదు, ఇదే. ముప్పై మంది రోగులు, రెండు రకాల వ్యాయామాలు, నాలుగు వారాలు, నొప్పి తగ్గిందన్న ముగింపు: ఈ మూసలో వచ్చే థీసిస్‌లు ఎన్ని ఉన్నా ఓపీలో ఏ అలవాటూ మారదు.

వారంలో మూడు రోజులు వార్డు, రెండు రోజులు పరిశోధన, రెండు సంస్థలూ చెరి కొంత జీతం భరించే ఉమ్మడి ఉద్యోగం ఒక్కటి పెట్టగలిగితే అమెరికా జంట కార్యక్రమం ఏడేళ్లలో చేయబోయే పనిలో చాలా భాగం ఇక్కడే జరుగుతుంది. కొత్త డిగ్రీ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. మొదటి ఏడాది పనిగా తెలుగు మోకాళ్ల ప్రశ్నావళిని తీసుకోవచ్చు: నేల మీద కూర్చోవడం, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని లేవడం, బస్సు మెట్టు ఎక్కడం, తల మీద బరువుతో నడవడం. ఒకే రోగిని వారం వ్యవధిలో రెండుసార్లు అడిగి జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలి. మందులు, వ్యాయామం తర్వాత మార్పు వస్తే అంకె కదులుతోందో లేదో చూడాలి. దీనికి కావలసింది ఒక జీతం, ఒక సహ గైడు, ఎథిక్స్ కమిటీ సంతకం. జీతం ఎవరిస్తారన్న దగ్గరే మాట ఆగిపోతోంది. ఆసుపత్రి అది విశ్వవిద్యాలయం పని అంటుంది, విశ్వవిద్యాలయం అది ఆసుపత్రి పని అంటుంది.